గోళ్ళరంగు పెట్టిన డయోడ్లు

దెయ్యాల్ని నేను నమ్మను. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి జీతం తీసుకునే మనిషిని, నమ్మితే ఆ జీతానికే అన్యాయం. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఏదో తెల్లచీర కనబడిందని గదిలో వాళ్ళందరూ నా మంచం మీదకి చేరితే, చోటు చాలక నేను కింద పడుకుని నిద్రపోయాను. ఇప్పుడు చెప్పబోయేది మొన్న వేసవిలో రాజోలులో, మా పెద్దమ్మ ఇంట్లో, పట్టపగలు జరిగింది.

మా పెదనాన్నగారు రేడియో మెకానిక్. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు. నాకు సోల్డరింగ్ నేర్పింది ఆయనే. వేసవి సెలవుల్లో ఆయన షాపులో స్టూలు ఎక్కి కూర్చుని, చెయ్యి కాల్చుకుంటూ నేర్చుకున్నాను.

ఆ హార్మోనియానికి ఒక జబ్బు ఉండేది. ఎడమ చివరి స్వరం మొదటిసారి నొక్కితే పలికేది కాదు, ఉస్సుమని గాలి మాత్రం వచ్చేది. రెండోసారి నొక్కితే పలికేది. ఊళ్ళో అందరి రేడియోలూ బాగుచేసిన మనిషి దీన్ని మాత్రం ఎందుకో ముట్టుకోలేదు. పైగా ప్రతి పాటకీ ముందు ఆ స్వరమే నొక్కేవారు. మొదట గాలి, తర్వాత స్వరం. ఆ రెండోది వినబడగానే సంఘమంతా లేచి నిలబడేది. నిలబడమని పాస్టరుగారు చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

తర్వాత గోదావరి వరదకి చర్చిలోకి నీళ్ళొచ్చాయి. హార్మోనియం తిత్తులు కుళ్ళిపోయాయి, చెక్క ఉబ్బిపోయింది. మరుసటి ఏడు పెదనాన్నగారు కూడా వెళ్ళిపోయారు. చర్చికి కొత్త కీబోర్డు కొన్నారు.

మా పెద్దమ్మ రిటైరైన టీచరు. చెవులు ఏడాదికేడాదీ తగ్గిపోతున్నాయి. పెదనాన్నగారి సంవత్సరీకం ప్రార్థన ఇంట్లో పెట్టుకుందామని అనుకున్నప్పుడు నన్ను పక్కకి పిలిచి ఒకటే అడిగింది.

"ఆ కీబోర్డు వద్దమ్మా, దానికి ఊపిరి లేదు. ఆయన పెట్టె గొంతు ఒక్కసారి వినిపించగలవేమో చూడు. వచ్చే ఏడాదికి నాకీ మాత్రం కూడా వినబడదు."

నన్నే అడగడానికి కారణం ఉంది. ఒక్కో ముక్కా విడివిడిగా తయారుచేసి వైర్లతో కలుపుకునే సింథసైజరు నా పిచ్చి. మా ఆయన దాన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజి అంటారు. నా దగ్గరున్న ముక్కలతో వచ్చే శబ్దం మరీ నున్నగా ఉంటుంది, ఈల వేసినట్టు. హార్మోనియం గొంతులో ఉండే ఆ గరగర రావాలంటే వేవ్ ఫోల్డర్ అనే ముక్క కావాలి. శబ్దపు అల ఒక ఎత్తు దాటగానే అది దాన్ని చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు వెనక్కి మడుస్తుంది. ఎన్ని మడతలు పెడితే అంత గరుకు. అది నేనే చేద్దామనుకున్నాను, అదీ పెదనాన్నగారి సామానుతోనే.

ఆయన సామానంతా ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంది. అందులో పాత రేడియోల్లోంచి ఊడదీసిన డయోడ్లు దొరికాయి. కరెంటుని ఒక వైపు నుంచే పోనిస్తుంది డయోడు, రెండో వైపు నుంచి రానివ్వదు. ఏది ఎటో తెలియడానికి కంపెనీవాళ్ళు ఒక చివర గీత పెడతారు. ఈ పాతవాటికి ఆ గీతలు చెరిగిపోయాయి. వాటి బదులు ప్రతిదానికీ ఒక చివర ఎర్ర రంగు చుక్క ఉంది. చూడగానే నవ్వొచ్చింది. అది నా గోళ్ళరంగు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ సీసా తీసుకుని, ఇదిగో ఇస్తానంటూనే ఎగ్గొట్టేశారు.

మీటరు పెట్టి చూసుకోవాల్సింది. పిల్లలకి నేను రోజూ చెప్పేది అదే. కాని పెదనాన్నగారు పెట్టిన గుర్తుని పరీక్షించడానికి మనసొప్పలేదు. ఆ చుక్కనే కంపెనీ గీత అనుకుని అన్నీ అతికేశాను.

ముక్క పలకలేదు. సోమవారం నుంచి గురువారం దాకా పెద్దమ్మ భోజనాల బల్ల మీద దాన్ని పెట్టుకుని కూర్చున్నాను. అతుకులన్నీ మళ్ళీ వేశాను. ప్రార్థన శనివారం. చేతకాని పనికి మాట ఇచ్చానని నామీద నాకే కోపం వచ్చింది.

గురువారం మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఇంక చాలనుకున్నాను. ఫోల్డర్‌లోకి శబ్దం పంపే వైరు పీకేశాను. అది నా చేతిలోనే ఉంది. వాయించే కీలు సంచిలోంచి తియ్యనే లేదు. ఫోల్డర్ నుంచి స్పీకరుకి వెళ్ళే వైరు మాత్రం అలాగే ఉంది, కరెంటు స్విచ్చి కూడా ఇంకా ఆపలేదు. పెద్దమ్మ నాకు వీపు పెట్టి కుర్చీలో కూర్చుని చింతచిగురు ఏరుతోంది. చెవి మిషను ఫ్రిజ్ మీద ఉంది. అది లేకపోతే కుక్కరు కూత కూడా వినబడదు తనకి.

స్పీకరులోంచి ఉస్సుమని గాలి వచ్చింది.

గాలి చప్పుడు ఏ స్పీకరైనా చేస్తుంది. దాన్ని నేను పట్టించుకోలేదు. తర్వాత స్వరం వచ్చింది. ఆ ఎడమ చివరి కింది స్వరమే, కొంచెం వణుకుతూ, తిత్తి నొక్కిన కొద్దీ పెరిగి, వదిలిన కొద్దీ తగ్గుతూ. నాలుగైదు సెకన్లు ఉంది. ఆగిపోయింది.

పెద్దమ్మ లేచి నిలబడింది. చేటలో చింతచిగురంతా కింద పడింది. చేతులు కట్టుకుని, చర్చిలో నిలబడినట్టే, గోడకేసి చూస్తూ నిలబడింది.

కాసేపటికి నా వైపు తిరిగి, "పాట ఎత్తుకోలేదేమే?" అంది.

నాకు భయం వెయ్యలేదు, ఏడుపొచ్చింది. ఇద్దరం కలిసి కింద కూర్చుని చింతచిగురు ఎత్తుకున్నాం.

తర్వాత మీటరు తీశాను. ఫోల్డర్‌లోకి కరెంటు వచ్చే చోట రెండు డయోడ్లు ఉంటాయి. రెండూ తిరగబడి ఉన్నాయి. మడతలు పెట్టే మిగతావి జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి కనక అన్నీ తిరగబడినా తేడా రాదు. అంటే ఆ ముక్కలోకి సోమవారం నుంచీ చుక్క కరెంటు కూడా వెళ్ళలేదు. చెవి మిషను పెట్టి పెద్దమ్మకి ఈ సంగతి చెబితే నవ్వింది.

"ఆయన రంగు పెట్టేది కరెంటు వచ్చే వైపు కదే. కాలవకి లాకు చూడు, నీళ్ళు ఎటునుంచి వస్తాయో తెలిస్తే చాలు, పోయేదారి అవే చూసుకుంటాయి అనేవారు. ఎంతమంది చెప్పినా వినలేదు."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని షాపులో అందరూ ఆయన్ని ఏడిపించడం అప్పుడు గుర్తొచ్చింది. నాకూ చెప్పే ఉంటారు. నేనే మరిచిపోయాను.

శుక్రవారం ఆ రెంటినీ తీసి సరిగ్గా అతికాను. ఫోల్డర్ వెంటనే పలికింది. గరగర, వణుకు అన్నీ కుదిరాయి. గురువారం విన్నది మాత్రం అది కాదు. దగ్గర చుట్టమే, మనిషి వేరు.

శనివారం సాయంత్రం చాపల మీదా కుర్చీల్లోనూ అందరూ సర్దుకున్నాక, "మొదలెడదామామ్మా?" అన్నారు పాస్టరుగారు. "ఆయ్, మొదలెడదామండి" అని కింది స్వరం నొక్కాను. ఒక్కసారికే ఖంగుమని పలికింది. ఒక్కరూ లేవలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ఏం తప్పు చేశానో తెలియలేదు. ముందు వరసలో పెద్దమ్మ, చెవి మిషను సర్దుకుంటూ, నాకు రెండు వేళ్ళు చూపించింది.

రెండోసారి నొక్కాను. ఇల్లంతా లేచి నిలబడింది. పెద్దమ్మ పాట మొత్తం పాడింది, ఒక చరణం అందరికంటే ముందే అందేసుకుంది కూడా.

ప్రార్థన అయ్యాక ఆ రెండు డయోడ్లూ ఊడదీసి వాటి చోట కొత్తవి పెట్టాను, అవి ఇప్పుడు నా నోటుపుస్తకంలో అంటించి ఉన్నాయి. నెలకోసారైనా మీటరు పెడతాను. వాటికి ఏ లోపమూ లేదు, రావాల్సిన వైపు నుంచే కరెంటుని రానిస్తాయి. కరెంటు అందకుండా, లోపలికి ఏ శబ్దమూ వెళ్ళకుండా ఆ ముక్క ఎలా పలికిందో తోటి లెక్చరర్లని అడిగాను. తలా ఒక కారణం చెప్పారు. ఏదీ లెక్కకి నిలబడలేదు. నాకూ ఇప్పటిదాకా తెలియలేదు.

పెద్దమ్మని కూడా అడిగాను, మిషను లేకుండా నీకెలా వినబడిందని.

"వినబడిందని నేనెప్పుడు చెప్పేను?" అంది. "ఆయన నొక్కేరు, నేను లేచేను."