చెట్టుకు ఆనుకున్న మనిషి

బోర్డులు రాసే ఆయన్ని ఊరంతా నిచ్చెన మేస్త్రి అనేవారు. ఎక్కితే పని ముగిసేదాకా దిగడు, దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోడు. ఈమధ్య మోకాలు మొరాయిస్తోంది. తన దగ్గరే పని నేర్చిన కూతురు "ఇక ఎక్కింది చాలు నాన్నా" అని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. నిచ్చెన దిగితే తనకిక విలువుండదని ఆయన బెంగ. ఆ బెంగ పైకి చెప్పే రకం కాదు, మీసం దువ్వుకుని ఊరుకునేవాడు.

ఓ జపాను కంపెనీ ఫ్యాక్టరీ విశ్రాంతి గదిలో రెండు గోడల మీదా ఒకే జపాను అక్షరం రాయమన్నారు: 休. "ఇదెంత, కళ్లు మూసుకుని రాసేస్తా" అన్నాడు మేస్త్రి. కూతురు నిచ్చెన పట్టుకుంటే, మొదటి గోడ మీద రాసేశాడు కూడా. గీతల్లో వంక పెట్టడానికి లేదు. అయినా జపానువాళ్ల మాట తెలుగులో చెప్పే దుబాసీ అమ్మాయి పెదవి విరిచింది.

"మేస్త్రిగారూ, అక్షరంలో రెండు భాగాల మధ్య అంత ఖాళీ ఎందుకండీ?"

"దూరం నుంచి చూసినా విడివిడిగా కనపడాలిగా. మా పనిలో మొదటి పాఠమే అదమ్మా."

"ఇక్కడ విడిపోతే అర్థమే పోతుందండీ. ఎడమవైపుది మనిషి, కుడివైపుది చెట్టు. మనిషి చెట్టుకు ఆనుకున్నాడు, అందుకే విశ్రాంతి అని అర్థం. 'యసుము' అంటే విశ్రాంతి తీసుకోవడం. ఇంకో అక్షరంతో జత కడితే మామూలుగా 'క్యూ' అని చదువుతారు."

"నేను ఇంట్లో నాన్నని, బయట మేస్త్రిని అయినట్టు! బాగుంది."

గోడ వైపు చూశాడు. మనిషీ చెట్టూ మాటలు మానేసిన అన్నదమ్ముల్లా ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఆయనకే నవ్వొచ్చింది. తెల్లరంగు పూసి, ఆరాక మళ్లీ ఎక్కాడు. ఈసారి చెట్టును మనిషి వీపు దాకా తెచ్చాడు.

"చూశావా, ఈ మనిషి పడుకోలేదు. నిలబడే ఉన్నాడు" అన్నాడు గర్వంగా.

కింద నిచ్చెన పట్టుకున్న కూతురు, "ఆనుకున్నాడు కాబట్టే నిలబడ్డాడు నాన్నా" అంది.

మేస్త్రి ఒక్కో మెట్టే దిగుతూ, చివరి మెట్టు దగ్గర ఆగి, కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. బరువంతా వేశాడు. ఆమె కదల్లేదు. ఆయన గుండె తేలికపడింది.

"రెండో గోడ నువ్వు రాయి" అని కుంచె చేతికిచ్చాడు.

ఆమె పైకెక్కి మొదటి గీత గీసిందో లేదో, కింద నుంచి గదంతా దద్దరిల్లేలా కేకేశాడు.

"ఖాళీ వదలకు!"