హవ్వ వేషం

ఆదాము హవ్వల కథ వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పండు ఇద్దరూ తిన్నారు. అయినా మా పల్లెలో ఆ కథ చెప్పే ప్రతివాడూ హవ్వ దగ్గరకు వచ్చేసరికే గొంతు పెంచుతాడు. ఆదాము మాత్రం పాపం అమాయకుడు, చేతిలో ఏది పెడితే అది తినేస్తాడు!

మాది నరసరావుపేటకు దగ్గర్లోని పల్లె. నాకు పదేళ్లప్పుడు మా చర్చిలో క్రిస్మస్‌కు ఆ కథే నాటకం వేశారు. సండే స్కూలు నడిపేది సంఘ పెద్ద భార్య. పిల్లలమంతా టీచరమ్మ అనేవాళ్లం. అంతకుముందు ఏడాది పండు బదులు టమాటా పెట్టి నవ్వులపాలయ్యారట. అందుకని ఈసారి పేట నుంచి నిజమైన యాపిల్ పళ్లు తెప్పించింది. మా ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో పడితే తప్ప యాపిల్ కనిపించేది కాదు. అదీ రోగికే.

మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, మా ఇంట్లోనే ఉండేది. అప్పుడు తనకు పంతొమ్మిదేళ్లు. పత్తితీతకు పోయి వచ్చి, గీరుకుపోయిన వేళ్లతోనే నాకు జడలు వేసేది. చర్చిలో పాట ఎత్తుకునేది తనే. తన గొంతు లేస్తే వెనక వరసలో కునికే ముసలమ్మలు కూడా కళ్లు తెరిచేవాళ్లు.

ఒక ఆదివారం అందరూ వెళ్లాక టీచరమ్మ నన్ను ఆగమంది. చాకుతో యాపిల్ కోస్తూ అడిగింది.

"ఏమే, మీ పిన్ని పత్తితీత నుంచి అందరితో కలిసి రావట్లేదంట గదా. ఎవరితో వస్తందే?"

నేను యాపిల్ వంకే చూశాను. ఎవరికీ చెప్పనని పిన్నికి ఒట్టు వేశాను మరి.

"చెప్పు తల్లీ. దాస్తే దేవుడికి కోపమొస్తది. నిజం చెప్పే పిల్లకే హవ్వ వేషం."

"మీ అబ్బాయితోనే టీచరమ్మా. కాలవ కట్ట మీద నడిచొస్తారు. పెళ్లి చేసుకుంటారంట" అన్నాను. ఏదో శుభవార్త మోసుకొచ్చినట్టు నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు. కోసిన ముక్క నా చేతిలో పెట్టింది. తిన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది గానీ, చాలా తియ్యగా ఉంది.

మాకు నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. తప్పు చేశారని పెద్దలు అనుకున్నవాళ్లను బల్ల నుంచి ఆపేస్తారు. వాళ్లు అందరి ముందూ నిలబడి క్షమాపణ అడిగి, పోయి గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చోవాలి. ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం సంఘ పెద్ద మా పిన్నిని పేరు పెట్టి లేపాడు. తన కొడుకును చెడగొట్టబోయిందన్నాడు. ఆ కొడుకు అక్కడే డ్రమ్ముల ముందు కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు, నోరు మెదపలేదు. పిన్ని క్షమాపణ అడిగి చెప్పుల దగ్గరకు నడిచింది. వాడు రొట్టె తిన్నాడు, ద్రాక్షరసం తాగాడు, ఆఖరి పాటకు డ్రమ్ములు కూడా వాయించాడు. ఏం మనిషి వాడు! నా పసితనం ఆ పూటతో అయిపోయింది. నిజం చెప్పడం వేరు, మనిషిని పట్టించడం వేరు అని అంతవరకు నాకు ఎవరూ నేర్పలేదు.

హవ్వ వేషం నాకే ఇచ్చారు. నా గౌనుకు బాదం ఆకులు కుట్టింది ఎవరనుకున్నారు? పిన్నే. "కదలకే, సూది గుచ్చుకుంటది" అంటూ ఒక్కో ఆకూ కుట్టింది. అప్పుడైనా నేను నోరు విప్పలేదు.

ఆరు నెలలకు సంఘం పిన్నిని క్షమించింది. ఎంత దయో! తను మాత్రం రొట్టె పళ్లెం ముందుకొస్తే చెయ్యి చాపలేదు. పాట ఎత్తుకోలేదు. కూర్చునే చోటూ మార్చలేదు. ఇన్నేళ్లూ ఆ గుమ్మం దగ్గరే.

డ్రమ్ములు వాయించినవాడు ఇప్పుడు సంఘ పెద్ద. పోయిన నెల నా కూతురిని పిలిచి హవ్వ వేషం నీదేనన్నాడట. పిల్ల గంతులేస్తూ వచ్చి చెప్పింది. నేను ఉన్నపళంగా చర్చికి వెళ్లాను.

"నా కూతురు వెయ్యదు. ఈసారి ఆదాము వేషం నువ్వు వెయ్యి. నోరు మూసుకుని కూర్చోవడం నీకు బాగా వచ్చుగా" అన్నాను.

"ఎప్పటి మాటలో ఇప్పుడెందుకమ్మా" అన్నాడు, డ్రమ్ముల మీద గుడ్డ సర్దుతూ.

అటునుంచి అటే పిన్ని దగ్గరకు వెళ్లాను. గోంగూర తుంచుతోంది. కోపం చల్లారితే మళ్లీ ధైర్యం చాలదని, కూర్చోకుండానే చెప్పేశాను.

"పిన్నీ, ఆ రోజు టీచరమ్మకు చెప్పింది నేనే."

తను గోంగూర తుంచడం ఆపలేదు.

"తెలుసులే. ఆ పూట నీకు జడ వేస్తంటే నోట్లోంచి యాపిల్ వాసన. మనింట్లో యాపిలేందే అప్పుడు?"

"మరి ఒక్క మాటన్నా అనలేదేంది? అమ్మకు చెప్పి నన్ను కొట్టించకపోయావా?"

"ఇంట్లో గొడవైతే సంఘం దాకా పోద్ది. తెలిసీ అన్నాళ్లు దాచావని నిన్ను కూడా లేపేవాళ్లు" అంది. "అట్టా నిలబడితే ఎట్టుంటదో నాకు తెలుసు గదే."