నిద్రలో పలికిన పాప

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెను నిద్రమ్మ అంటారు. పిలిచేవాళ్లకు వెటకారం, ఆమెకు మాత్రం బిరుదు. చంటిపిల్లలకు వినికిడి పరీక్ష చేయడం ఆమె పని. బిడ్డ నిద్రపోవాలి. నుదుటికీ చెవుల వెనకా తీగలు అతికించి, చెవిలో టిక్కుటిక్కుమనే చప్పుడు పెట్టాలి. ఒళ్లు నిద్రపోయినా మెదడు పలుకుతుంది. చెవి వింటే చిన్న విద్యుత్ అల తెరమీద లేస్తుంది. పక్క గదివాళ్లు నిద్రమందు పోసి పని కానిచ్చేస్తారు. ఈవిడ ఓపిగ్గా జోకొడుతుంది. ఇరవై రెండేళ్లలో నిద్రపుచ్చలేనిది ఇంట్లో మొగుణ్ణొక్కణ్ణే.

ఆ రోజు ఆర్నెల్ల పాపతో ఒక తల్లి వచ్చింది.

"కుక్కరు కూత పెట్టినా నిద్రలో కదలదండీ. చెవుడేనని మా అత్తయ్య తేల్చేశారు" అంది. మూడు నెలలుగా ఆమెకు అదే బెంగ.

గంటన్నర జోకొడితేగాని పాపకు కునుకు పట్టలేదు. ఆ హడావిడిలో నిద్రమ్మ, ఇయర్‌ఫోను ముందు తన చెవిలో పెట్టి చూసుకునే అలవాటు మరిచింది. వెయ్యి టిక్కులయ్యాయి. తెరమీద గీత పడుకున్నది పడుకున్నట్టే ఉంది. అప్పుడు గుర్తొచ్చి ఇయర్‌ఫోను తన చెవిలో పెట్టుకుంది. చడీచప్పుడూ లేదు. తీగ ఊడింది!

"నా మతి మండా! తప్పు నాదేనమ్మా, పాపది కాదు. మళ్లీ చూద్దాం."

తీగ బిగించింది. ఈసారి వెయ్యి దాటకముందే గీత లేచింది. చప్పుడు తగ్గించింది. అల చిన్నదైంది, కాస్త ఆలస్యమైంది, అయినా లేచింది. గుసగుసంత చప్పుడుకీ లేచింది. రెండో చెవీ అంతే. నిద్రమ్మకు కడుపు నిండినట్టయింది. కానీ ఫలితం డాక్టరే చెప్పాలి, అది అక్కడి కట్టడి. ముఖం బిగించుకుని తీగలు తీయసాగింది.

"ఏమైందండీ?"

"సాయంత్రం డాక్టరుగారు చెప్తారమ్మా."

"అందాకా నా ప్రాణం ఆగదండీ! దానికి వినబడుతుందా లేదా?" తల్లి గొంతు గదంతా మోగింది.

నిద్రమ్మ పెదవులమీద వేలు పెట్టుకుంది.

"మెల్లిగా మాట్లాడమ్మా. పాప లేస్తుంది."

ఆ బిడ్డ నిద్రపోతుంటే గొంతు తగ్గించమని ఈ మూడు నెలల్లో ఎవరూ అనలేదు. ఆ తల్లి తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది.