ముగ్గురు కూతుళ్ల బీపీ మాత్ర

ఇది మూడు ఊళ్ల మహాకావ్యం. అక్కచెల్లెళ్ల పంతం, నేలకొరిగిన వీరమాత, అన్నీ ఉంటాయి. అని మొదలుపెట్టాను గానీ, ఇది మా అవ్వ బీపీ మాత్ర సంగతి.

అవ్వకు ముగ్గురు కూతుళ్లు. మా అమ్మ మదనపల్లెలో, పెద్దమ్మ పుంగనూరులో, చిన్నమ్మ కుప్పంలో ఉంటారు. అవ్వ వంతులవారీగా అందరిళ్లలోనూ ఉండేది. ఆమె వచ్చీ రాగానే ఎవరికి వారు "మా డాక్టరు"కు చూపించేవాళ్లు. కొత్త అల్లుడికి నాటుకోడి కోసినట్టు, అదొక మర్యాద.

పోయిన వేసవిలో అవ్వ మా ఇంట్లో మంచం దిగుతూ కళ్లు తిరిగి పడింది. కొన్నాళ్లకే మళ్లీ పడింది. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుందన్న భయంతో ఊళ్లోనే ఆసుపత్రిలో చేర్చాం. కూతుళ్లందరూ చేరారు.

"గుండే అయ్యుంటాది. బెంగళూరికి తీసకపోదాం" అని పెద్దమ్మ ఏడుపందుకుంది.

"గుండె కాదక్కా, మెదడు" అంది చిన్నమ్మ.

వాళ్లలా అవ్వ ఒంటిని పంచుకుంటుండగా డాక్టరమ్మ వచ్చింది. అవ్వను పడుకోబెట్టి బీపీ చూసింది, నిలబెట్టి మళ్లీ చూసింది. నిలబడితే బాగా తగ్గిపోతోంది. ఇంట్లో వేసుకునే మాత్రలన్నీ తెమ్మంది.

"డాక్టర్లు రాసిన చీటీలుండాయి గదా మేడం?" అన్నాను.

"రాసింది చీటీలో ఉంటాదప్పా. మింగేది సంచిలో ఉంటాది."

సంచిలో మూడు షీట్లు, మూడు రంగులు, మూడు పేర్లు. పెద్ద పేర్ల కిందున్న చిన్న అక్షరాలను ఆమె వేలితో చూపించింది. నేను వంగి చదివాను. మూడింటిలోనూ ఒకే మందు. ముందే మాత్రలు వాడుతున్నానని అవ్వ ఏ డాక్టరుకూ చెప్పలేదట.

"యాలవ్వా మూడూ మింగుతాండావు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ముగ్గురూ నా బిడ్డలే గదమ్మా. ఒకదాని మాత్ర మింగి ఇంకోదానిది మానేస్తే నొచ్చుకోరా?"

"బిడ్డలు ముగ్గురైనా నీ ఒళ్లు ఒకటే గదవ్వా" అంది డాక్టరమ్మ.

పెద్దమ్మ మెల్లగా అడిగింది: "ఇంతకూ ఎవరి మాత్ర ఉంచుతాండారమ్మా?"

డాక్టరమ్మ మూడూ ఆపించింది. రోజూ బీపీ చూసి, ఇంటికి పంపేటప్పుడు ఒక్క మాత్ర రాసింది. అవ్వ ఆటో దాకా తనే నడిచింది. పట్టుకోబోతే "వదులప్పా, పడనులే" అని నా చెయ్యి తోసేసింది.

ఆ ఒక్క మాత్ర ముగ్గురిలో ఎవరిదీ కాదు. ఆసుపత్రి మందుల షాపులో ఉన్న నాలుగో కంపెనీది. పొద్దున టిఫిన్ తిన్నాక, నీళ్లతో వేసుకోవాలి.