దేవునికి దారి చెప్పే రెబెకమ్మ

మా రెబెకమ్మత్త దేవునికి అడ్రసు చెప్పకుండా ప్రార్థన చేయలేని మనిషి. ఇందులో అతిశయోక్తి లేదు. ఉదయగిరి బాప్టిస్టు సంఘమంతా ప్రమాణం చేసి చెప్పగల వాస్తవమిది.

ఇతరులు "ప్రభువా, ఓబయ్యను స్వస్థపరచుము" అని ముగిస్తారు. ఆమెకు అది ఆరంభం మాత్రమే. "ప్రభువా, మన ఓబయ్య. బస్టాండు ఎనకాల సందు, ఎడమ పక్క నీలం తలుపు. గొళ్లెం పడదు, తోస్తే వచ్చేస్తాది. కాలిరిగి మంచంలో ఉండాడు. నిన్నట్నించి పొయ్యి ఎలగలా. కుక్క ఉండాది గానీ కరవదు."

ఆదివారం ఈ వివరాలన్నీ మైకులో చెప్పేది. చర్చి మీది హారను బస్టాండు వైపు తిరిగి ఉన్నందువల్ల మర్రిపాడు బస్సు కోసం కూర్చున్న వాళ్లకు కూడా ఓబయ్య కుక్క స్వభావం తెలిసిపోయేది. న్యాయశాస్త్రం చదివి ఆత్మకూరు కోర్టులో కొత్తగా నల్లకోటు తొడిగిన నాకు, సర్వజ్ఞుడైన న్యాయమూర్తి ముందు ఇన్ని వివరాలు దాఖలు చేయడం కోర్టువారి కాలాన్ని వృథా చేయడమేననిపించేది. ఆ మాటే అడిగితే, చెప్పడం మన మర్యాద అనేది. రహస్యాలున్నవాళ్లు ఆమె ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవారు.

తొంభై నాలుగులో మా అమ్మ కామమ్మ టీచరుకు రొమ్ములో గడ్డ కనిపించింది. నెల్లూరు డాక్టరు అది క్యాన్సరని తేల్చి, ఆపరేషనుకూ ఆ తరువాతి మందులకూ మద్రాసు వెళ్లమన్నాడు. అమ్మ ఒకే షరతు పెట్టింది: ఈ సంగతి ఊళ్లో ఒక్కరికి తెలిసినా తాను బస్సెక్కదు. నాన్న పోయాక పొరుగింట గుప్పెడు చక్కెర కూడా అడగకుండా నన్ను పెంచిన మనిషి. జాలి పుచ్చుకోవడం ఆమెకు చేతకాదు. నేను రాజ్యాంగం మొదలుకొని వాదించాను, ఓడిపోయాను. పైగా నా కోర్టు గొంతు పెరటి గోడ దాటింది. గోడకు అవతల రెబెకమ్మత్త ఇల్లు.

వెంటనే వెళ్లి, వ్యక్తిగత గోప్యత జీవించే హక్కులో భాగమని ఆమెను హెచ్చరించాను.

"నీ చట్టం నాకు తెలీదు గానీ, మీ యమ్మ జబ్బు మాట నా నోట్లోంచి రాదు పో."

"ప్రార్థనలో?"

"ప్రార్థనలో కూడా."

ఆదివారం వచ్చింది. రెబెకమ్మత్త మైకు పట్టుకోగానే అమ్మ నా చెయ్యి నొక్కి పట్టుకుంది.

"ప్రభువా, పెద్ద వీధి చివర, బోరింగు పక్క పెంకుటిల్లు. రెబెకమ్మ. అంటే నేనే. నాకు రొమ్ములో గడ్డ లేసింది. క్యాన్సరంట. మద్రాసు పోవాల. కామమ్మ టీచరు తోడొస్తానంది, ఆమెకు బలమియ్యి. నన్ను నాటుకోడి గుడ్లు, దానిమ్మ పండ్లు తినమన్నారు. తలుపు ఎప్పుడూ తీసే ఉంటాది."

 అమ్మ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. ఆమె నవ్వు ఆపుకుంటోంది.

మరునాటి నుంచి గుడ్లు, పండ్లు, పులుసులు రెబెకమ్మత్త వీధి తలుపున ప్రవేశించి పెరటి గోడ మీదుగా మా వంటింట్లోకి చేరసాగాయి. హారనులో విన్న చెంచులక్ష్మి మేకపాలు పంపింది. ఓబయ్య కుంటుకుంటూ వచ్చి తన పుంజునే ఇచ్చాడు. రోగి తినకపోతే అనుమానం వస్తుందని అత్త ప్రతి గిన్నెనూ రుచి చూసేది. ఆ రుచి కొన్నిసార్లు గిన్నె అడుగు దాకా వెళ్లేది. "జబ్బొచ్చినాక రెబెకమ్మ నిగనిగలాడతా ఉండాదే" అని చెంచులక్ష్మి ఆశ్చర్యపోయింది.

ఆత్మకూరు డిపో కండక్టరు రమణయ్య ముందు సీటు మీద తువాలు పరిచి ఆమె కోసం కాపలా కాసేవాడు. ఆమె ఆ సీట్లో అమ్మను కూర్చోబెట్టి తాను నిలబడేది. రోగి నిలబడితే తన బస్సుకు పాపం తగులుతుందని అతను మొత్తుకుంటే, "నాది కూచుంటే నొప్పెట్టే రకం" అని చెప్పింది. అటువంటి రకం వైద్యశాస్త్రంలో లేదు. రమణయ్య మాత్రం మరుసటి ప్రయాణానికి ఆమె పట్టుకోవడానికి కమ్మీకి మెత్తటి గుడ్డ చుట్టించాడు.

ఆపరేషను రోజున థియేటరు తలుపు ముందు ఆమె మోకరించింది. "ప్రభువా, మద్రాసు..." అని ఆగిపోయింది. నేనెరిగినంతలో ఆమె ప్రార్థన మధ్యలో ఆగడం అదే మొదలు. కాసేపటికి, "నాకే దారి తెలీదు నాయనా. నువ్వే ఎతుక్కో" అంది. నేను కూడా పక్కనే మోకరించాను. ఆయన వెతుక్కున్నాడు.

మందులకు అమ్మ జుట్టు రాలిపోయింది. మరునాడే రెబెకమ్మత్త మంగలి శీనయ్య చేత గుండు చేయించుకుంది. అమ్మ ముసుగు వేసుకుని నడిస్తే, ఆమె పక్కనే నున్నటి గుండుతో ఎండలో మెరుస్తూ నడిచేది. ఇక అమ్మ వైపు చూసే తీరిక ఎవరికుంటుంది? పొరుగూరి రాఘవమ్మ దారిలో ఆపి కొండ ప్రసాదం అడిగింది. బాప్టిస్టు అత్త ఏమాత్రం తొణకకుండా సంచిలోంచి దానిమ్మ పండు తీసి ఇచ్చింది.

చికిత్స ముగిసింది, ఇక అప్పుడప్పుడు చూపించుకుంటే చాలన్నారు. మా సంఘంలో స్వస్థత పొందినవారు లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ ఆదివారం అందరూ రెబెకమ్మత్త వైపు చూశారు. ఆమె నేల వైపు చూసింది. అమ్మ లేచి మైకు దగ్గరికి వెళ్లి ముసుగు తీసింది. అప్పుడే మొలుస్తున్న జుట్టు.

"జబ్బు రెబెకమ్మది కాదు, నాది. మీ గుడ్లు తినింది నేను. మీ అందరి చేతి కూడు తిని బతికినాను. చెప్పుకోడానికి సిగ్గుపడినాను, ఇప్పుడు సిగ్గు లేదు."

 వెనక బెంచీ నుంచి ఓబయ్య లేచాడు. "మరి నా పుంజుని తినిందెవరు?"

"సగం నేనే" అంది రెబెకమ్మత్త.

ఆ నవ్వు ఆగేదాకా మర్రిపాడు బస్సు కదలలేదట.

ఇంటిదారిలో నేను క్రాస్ ఎగ్జామినేషను మొదలుపెట్టాను. "అత్తా, దేవునికి తప్పుడు అడ్రసు ఎందుకిచ్చినావు?"

"ఆయనకి అడ్రసు దేనికే? మద్రాసుకి ఎవురు చెప్తే వచ్చినాడు? అడ్రసు బెంచీల్లో కూచున్నోళ్లకి. మీ యమ్మ వాకిట్లోకి ఎవుర్నీ రానీదు గదా, అందుకని నాది చెప్పినా."

పడని గొళ్లెం, కరవని కుక్క గుర్తుకొచ్చాయి. ఆ ప్రార్థన చేసిన సాయంత్రమే ఓబయ్య నీలం తలుపు తోసుకుని ఎవరో సంకటి పెట్టి వచ్చారు.

మరుసటి ఆదివారం ఆమె యథాప్రకారం మైకు అందుకుంది. "ప్రభువా, ఆత్మకూరు. కోర్టు ఎదురుగా జెరాక్సు కొట్టు పైన మేడ. మన జెస్సీ, లాయరు. కేసులు లేవు. మెట్లు నున్నగా ఉండాయి, తాడు పట్టుకొని ఎక్కాల. పిల్లకి కోపమెక్కువ గానీ కరవదు."

న్యాయవాది తన వృత్తిని ప్రచారం చేసుకోరాదని నిబంధన ఉంది. ప్రార్థన ప్రచారం కిందికి వస్తుందా అనే ప్రశ్నపై ఇంతవరకు ఏ తీర్పూ నా కంటబడలేదు. సోమవారం పొద్దున మెట్లెక్కి వచ్చిన వాళ్లందరూ మాత్రం తాడు పట్టుకునే వచ్చారు.