లేటు మంగయ్య

మిర్యాలగూడలో వడ్లమిల్లు గంట కొట్టే మంగయ్యకు ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట వచ్చు. ఆ మాట ‘లేటు’. ఒక్క పట్టుపంచె ఉన్నవాడు దాన్ని కల్లు దుకాణానికి కూడా కట్టుకుపోయినట్టు, మంగయ్య ఆ మాటను చోటు చూడకుండా వాడేవాడు.

అది అతనికి సూర్యాపేట బస్సులో దొరికింది. పొద్దున రావలసిన బస్సు పగటి భోజనాల వేళకు వస్తే జనమంతా డ్రైవరు మీద పడ్డారు. డ్రైవరు బీడీ తీయకుండానే “లేటు” అన్నాడు. అంతే, నలభై నోళ్లు మూతపడ్డాయి. మంగయ్య బిత్తరపోయాడు. ఇన్ని నోళ్లను ఒక్క ముక్కతో మూసే మాట తెలుగులో ఎన్నడూ వినలేదనుకొని, దాన్ని భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇక పప్పు ఉడక్కపోతే “పప్పు లేటు” అనేవాడు. బర్రె ఈనకపోతే బర్రె లేటు, వాన పడకపోతే వాన లేటు. పెళ్లాం సుందరమ్మ కొంగు సర్దుకొని గడప దాటేలోపు నాలుగుసార్లు లేటు. అంతవరకూ ఎవరికీ నష్టం లేదు. కానీ నిడమనూరులో రామనర్సయ్య తండ్రి పోతే పరామర్శకు వెళ్లాడు. ముసలాయనకు తొంభై దాటాయి, మూడేళ్లుగా మంచంలో ఉన్నాడు. మంగయ్య రామనర్సయ్య భుజం మీద చెయ్యేసి, “బాధపడకు తమ్మీ, జర లేటైంది గానీ మంచిగనే పోయిండు” అన్నాడు. ఏడ్చే ఆడవాళ్లు ఏడుపాపి చూశారు. రామనర్సయ్యకు ఇంగ్లీషు రాదు గానీ, అతనూ సూర్యాపేట బస్సు ఎక్కినవాడే. ఆరు నెలలు మంగయ్యతో మాట్లాడలేదు.

ఇలా లోకానికంతా లేటు అంటగట్టే మంగయ్య దగ్గర గడియారం లేదు.

మిల్లుకు ఒక గోడ గడియారం ఉండేది. నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం కూలిన గడబిడలో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. రజాకార్లని కొందరు, సంగపోళ్లని కొందరు, మంగయ్య బావమరిదని, సుందరమ్మకు వినబడకుండా, మరికొందరు. అప్పుడు మంగయ్య అటక మీది నుంచి తాతనాటి రాగిగిన్నె దించాడు. దాని అడుగున సన్నని చిల్లి. నీళ్ల గంగాళంలో వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది. మూడుసార్లు మునిగితే ఒక గంట. మునిగినప్పుడల్లా ఒక చింతగింజ ఈ చిప్పలోంచి ఆ చిప్పలో వేసేవాడు. మూడు గింజలు కాగానే లేచి, వేలాడే ఇనుపముక్కను సుత్తితో కొట్టేవాడు. పొద్దుపొడుపుతో పని మొదలు, సాయంత్రం ఆరు గంటలతో పని బంద్.

తాత ఆ గిన్నెతోపాటు ఒక మాట కూడా ఇచ్చిపోయాడు: గిన్నెను తోమొద్దు, తోమితే అందులో ఉన్న కాలం పోతుంది. మంగయ్య తోమలేదు. పైగా శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టేవాడు.

వడ్లు ఎండబోసే ముత్తమ్మ మాత్రం రోజూ గొణిగేది. “ఏందన్నా, ఊర్లె దీపాలు పెట్టిన్రు, కోళ్లు గూట్లకు జొచ్చినయి, నీ ఆరు ఇంక గాలేదా?”

“కోళ్లకేమెర్క? గిన్నె మునగాలె.”

“నీ గిన్నెకన్న మా బర్రె నయం. నీళ్లల్ల దిగితే జల్దిన మునుగుతది.”

నలభై తొమ్మిది వేసవిలో కోదాడ నుంచి సత్యానందం కొత్త మేనేజరుగా వచ్చాడు. ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయే మనిషి, చేతికి గడియారం పెట్టుకునే మనిషి. మూడు రోజులు చూశాడు. నాలుగోనాటి సాయంత్రం మంగయ్య ఆరు కొట్టి సుత్తి దించగానే, మణికట్టు అతని ముక్కు ముందు పెట్టాడు.

“ఏమయ్యా మంగయ్యా, ఇది ఆరా? ఏడు కావడానికి పది నిమిషాలుంది. రోజూ ఇంతే. అవతల ఇంజనుకు నూనె దొరక్క చస్తున్నాం, ఇవతల ఈ ఆడవాళ్లతో ఊరికే చాకిరీ చేయిస్తున్నావు. నువ్వు లేటయ్యా, లేటు!”

ముప్ఫై మంది ముందు, తన మాటే వచ్చి తన మొహాన తగిలింది. ముత్తమ్మ నవ్వు బయటపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

“రేపొక్కరోజు చూస్తాను. ఆరు ఆరుకే కొట్టాలి. లేకపోతే కోదాడ నుంచి గోడ గడియారం తెప్పిస్తా. నువ్వు ఎల్లుండి నుంచి బస్తాలు మొయ్యి.”

బస్తాలు మంగయ్య వల్ల కాదు. యాభై ఏళ్లొచ్చాయి, ఎడమ మోకాలు ఎప్పుడో తిరగబడింది. ఈ గంట ఉంది కాబట్టే నీడన కూర్చుని బతుకుతున్నాడు.

ఇంటికొచ్చి చెబితే సుందరమ్మ గిన్నె అందుకొని, తిప్పి చూసి, మొగుడి వైపు జాలిగా చూసింది.

“ఏమయ్యా, మన బాయినీళ్లకు కాగు గూడ తెల్లగ పెచ్చు గడ్తది. దీని చిల్లి సూడు, సున్నంతోని సగం పూడింది. పైకెల్లి నీ పసుపొకటి. నీళ్లెట్ల లోపలికొస్తయి? చింతపండేసి తోమితె సక్కగైతది.”

“తోముడా! తాత మాట కాదంటవా? దాన్ని ముట్టకు.”

తెల్లారి లేచేసరికి గిన్నె గూట్లో కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. బొట్టు లేదు, పసుపు లేదు.

“తోమినవా?”

“తోమిన. దబ్బనం పెట్టి చిల్లి గూడ సాఫ్ జేసిన” అంది సుందరమ్మ, పొయ్యి ఊదుతూ.

తిట్టడానికి వ్యవధి లేదు, పొద్దు పొడుస్తోంది. మంగయ్య మిల్లుకు పరుగెత్తి గిన్నెను నీళ్లలో వదిలాడు. అది తేలి, చుట్టూ చూసినట్టు ఒకసారి తిరిగి, రోజూ కన్నా ముందే బుడుంగున మునిగింది. చింతగింజ వేసి నాలుగు మాటలాడేలోపు మళ్లీ సగం నిండింది. గింజలు వేయడం, సుత్తి పట్టడం, మళ్లీ గింజలు. రోజూ పట్టే కునుకుకు సందు లేదు.

పన్నెండు కొట్టినప్పుడు అతని కడుపే ఒప్పుకోలేదు. రోజూ ఆ వేళకు నకనకలాడే కడుపు ఇవాళ కిక్కురుమనలేదు. కడుపును నమ్మాలా, గిన్నెను నమ్మాలా? ఇన్నాళ్లూ ‘గిన్నె అబద్ధమాడది’ అని అందరి నోళ్లూ మూయించినవాడు, ఇవాళ ఏ మొహంతో కాదంటాడు? కొడుతూనే పోయాడు. సత్యానందం మేడ మీది నుంచి గడియారం చూసుకొని లోపలికి పోయాడు. సాయంత్రం చూస్తానన్నాడు కదా, సాయంత్రమే చూస్తాడు.

ఎండ ఇంకా మాడు పగలగొడుతుండగా మంగయ్య ఆరు కొట్టాడు. ఇంజను నడిపే మత్తయ్య అదే అదనుగా మిషన్ ఆపేశాడు. మిల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆడవాళ్లు గంపలు దించి, ఆకాశం చూసి, మంగయ్యను చూశారు. సత్యానందం మెట్లు దిగి వచ్చాడు.

“నాలుగున్నర” అన్నాడు.

నీళ్లు పాడైనయని చెప్పొచ్చు. సుందరమ్మ మీదికి నెట్టేయొచ్చు. ఆడది ముట్టుకుంది, కాలం పోయిందంటే సగం మంది నమ్ముతారు. మంగయ్య రెండూ నాలుక చివరిదాకా తెచ్చుకున్నాడు. ఏడాదిగా తన గంట కోసం ఎక్కువ చాకిరీ చేసిన ముత్తమ్మ మెడమీది చెమట చూసి మింగేశాడు.

“తోమిన గిన్నె సారూ, ఇయ్యాల ఉరికింది. ఏడాది సంది తోమలే. అన్ని దినాలు…” సుత్తి కిందికి దించాడు. “అన్ని దినాలు నేనే లేటు. ఈళ్లు కాదు, కోళ్లు గాదు. నేనే.”

ముత్తమ్మ చేతులు దులుపుకొంది. “సారూ, ఏడాది సంది మా పొద్దు మింగిండు. ఇయ్యాల గంటన్నర కక్కిండు. మంచిగ కక్కుతుంటే ఆపుతరా? ఇంకో నెల్దినాలు గిట్లనే తోమనియ్యుండ్రి!”

ముందు మత్తయ్య నవ్వాడు, తర్వాత అందరూ. సత్యానందం నవ్వు ఆపుకోవడానికి గడియారం వైపు చూశాడు గానీ అది సాయం రాలేదు.

“సరే, ఇవాళ్టికి అందరూ ఇళ్లకు పోండి. మత్తయ్యా, ఆ చిల్లి చుట్టూ కాస్త లక్క పెట్టు. నా గడియారం పక్కన పెట్టి ఇరవై నిమిషాలకు సరిచేద్దాం. మంగయ్యా, గంట నువ్వే కొట్టు. గిన్నె మాత్రం శనివారం శనివారం మీ ఇంటామె తోమాలి.”

“తాత…” అన్నాడు మంగయ్య.

“తాతకు నేను చెప్పుకుంటాలే.”

వెలుతురుండగా మంగయ్య ఇంటికి రావడం ఏడాదిలో అదే మొదటిసారి. పొయ్యి చల్లగా ఉంది. బియ్యం ఇంకా చేటలోనే ఉన్నాయి. రాళ్లేరుతున్న సుందరమ్మ తలెత్తి, గంట పోయిందా ఉందా అని అడగకుండా అతని మొహం చూసింది. చేతిలో సుత్తి ఉంది. గంట పోలేదన్నమాట, మళ్లీ చేట మీదికి వంగింది.

అలవాటుగా మంగయ్య పొయ్యి వైపు చూశాడు, నోరు తెరిచాడు.

“అను” అంది సుందరమ్మ, చేట ఆపి.

మంగయ్య నోరు మూసుకొని, ఆమె ఎదురుగా కూర్చుని రాళ్లేరసాగాడు.