మందు రోగికి, పథ్యం ఇంటిల్లిపాదికీ

జగన్నాధం వైద్యంలో ఒకటే విడ్డూరం. మందు రోగి మింగాలి, పథ్యం మాత్రం ఇంట్లోవాళ్లు చెయ్యాలి.

భోగాపురం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఆ చేపలవాళ్ల పేటలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆయన ఒకప్పుడు వలలు బాగుచేసేవాడు. ఇప్పుడు నీలం రేకు మీద ‘నాటు వైద్యం’ అని రాయించి గుమ్మానికి తగిలించుకుని, అరుగు మీద చాప వేసుక్కూర్చుంటున్నాడు. ఏ రోగానికైనా అదే గోధుమరంగు పొడి. పొట్లం కట్టడానికి అర నిమిషం, పథ్యం చెప్పడానికి అరగంట.

ఓసారి తాతమ్మకి మోకాళ్లు పట్టేశాయి. జగన్నాధం ఆమెకి పొడి ఇచ్చి, మొగుడు సూరయ్యని దగ్గరికి పిలిచాడు.

“నలభై రోజులు సేపల గంప నువ్వు మొయ్యాల.”

“నొప్పి దానికి గదా మావా.”

“మందు దానికిచ్చేను గదా. రెండూ దానికే అయితే మరి నువ్వెందుకు?”

సూరయ్య మోశాడు. నెత్తిన గంప, గంప నిండా కవళ్ల చేపలు, వెనకాల చేతులూపుకుంటూ తాతమ్మ. మొదటి వారం పేటంతా నవ్వింది. రెండో వారానికి, నవ్వినవాళ్లలో ముగ్గురి భార్యలకి మోకాళ్ల నొప్పులు వచ్చాయి.

ఎచ్చెర్లలో చదువుతున్న గోవింద్ తలనొప్పితో వస్తే, నలభై రోజులు కొడుకుతో ‘పక్కింటోడిని సూడు’ అనకూడదని వాళ్ల నాన్నకి పథ్యం పెట్టాడు జగన్నాధం. నోరు జారుతుందేమోనని ఆ పెద్దమనిషి పక్కింటి వైపు చూడటమే మానేశాడు.

చిక్కంతా తులసి దగ్గర వచ్చింది. ఆమెకి కడుపులో మంట. జగన్నాధం ఆమె అత్త మరిడమ్మని కూర్చోబెట్టి, “నువ్వు వడ్డించాల. కోడలు తిన్నాక నువ్వు తినాల” అన్నాడు.

“ఎన్నాళ్లు?”

“మంట తగ్గేదాకా.”

రెండు నెలలైనా తులసికి మంట తగ్గలేదు. మరిడమ్మ ఓ సోమవారం బస్సెక్కి విజయనగరం వెళ్లి, కలెక్టరాఫీసులో అర్జీ పెట్టేసింది.

ఆ అర్జీ చేతులు మారి మారి అనూరాధ బల్ల మీదికి వచ్చింది. ఆమె ఆ మండలంలో ప్రభుత్వ ఆయుర్వేద డాక్టరు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తున్నాడు, విచారించండి, అవసరమైతే కేసుకి రాయండి అని పైనుంచి కాగితం. ఇలాంటివాళ్లంటే ఆమెకి ఒళ్లుమంట. ఇంతకుముందు పనిచేసిన చోట ఒకడు పొడిలో స్టెరాయిడ్ కలిపి అమ్మితే, అది తిన్న మనిషి ముఖం ఉబ్బి గుమ్మడికాయంత కావడం కళ్లారా చూసింది.

ముందు అర్జీదారు ఇంటికే వెళ్లింది.

“ఆ మందు వల్ల మీ కోడలికి ఏమైనా అయిందా?”

“మందుతో నాకేటి తగువు నేదు డాట్రమ్మా. నా తగువంతా పత్యంతోనే” అంది మరిడమ్మ.

అనూరాధ అయోమయంగానే జగన్నాధం అరుగెక్కింది.

“ఏం చదివారు?”

“ఐదు.”

“వైద్యంలో?”

“అది సదవనేదు మేడమ్.”

“గుండెనొప్పని వస్తే కూడా ఈ పొడేనా?” అంది కోపంగా.

“దాలమ్మకి వొచ్చింది. ఆళ్ల కొడుక్కి పత్యం ఎట్టేను. మంచినీళ్లు కూడా ముట్టకుండా అమ్మని పెద్దాస్పత్రికి అట్టుకెళ్లాల, అక్కడి డాట్రు రాసిన కాయితం నాకు సూపించాల, అప్పుడుగానీ పొడి పనిసెయ్యదన్నాను.”

“చూపించాడా?”

“నాలుగో రోజు సూపించేడు. గుండెలో స్టంట్లు రెండేసేరంట. ఆళ్లిచ్చిన మందులే వాడమన్నాను. పొడి ఇవ్వనేదు.”

రాసుకుంటున్న అనూరాధ పెన్ను ఆగింది. పొడి కొంచెం తీసుకుని పరీక్షకి పంపింది. శొంఠి, జీలకర్ర, బెల్లం అని జవాబొచ్చింది. ఆ కాగితం పట్టుకుని మళ్లీ వచ్చింది.

“ఇది వంటింటి సరుకండీ. దీంతో మోకాళ్లనొప్పి తగ్గదు.”

“తెలుసు మేడమ్.”

“తెలిసే ఇస్తున్నారా?”

“పొడి ఇవ్వకుండా గంప మొయ్యమంటే సూరయ్య మోస్తాడేటి? నన్ను కొడతాడు. అదే పొట్లం కట్టిచ్చి పత్యమంటే మోస్తాడు.” జగన్నాధం చాప కొస సరిచేసుకున్నాడు. “మా ఇంటిది ఈశ్వరికి నడుంనొప్పి. ఎన్ని మందులు మింగించేనో. ఆఖరికి ఇజీనారంలో ఓ డాట్రమ్మ, మందక్కర్నేదు, నీళ్ల బిందె నువ్వు మొయ్యి అన్నాది. మోసేను. తగ్గిపోనాది.”

“ఆవిడ సెప్పిన రెండేళ్లకి మోసేడు” అని లోపల్నుంచి ఈశ్వరి గొంతు వినిపించింది.

“డాట్రమ్మ ఉత్తినే సెప్పింది మరి. పత్యమని ఉంటే ఆ రోజే మోసీవోడిని” అన్నాడు జగన్నాధం తలొంచుకుని.

అనూరాధకి నవ్వొచ్చింది. ఆపుకుని చెప్పింది. “చూడండి, శొంఠైనా స్టెరాయిడైనా చట్టానికి ఒకటే. రిజిస్ట్రేషన్ లేకుండా రోగం తగ్గుతుందని పొట్లం ఇవ్వకూడదు. మంచివారని ఇవాళ మిమ్మల్ని వదిలేస్తే, రేపు స్టెరాయిడ్ కలిపేవాడిని ఏ ముఖంతో పట్టుకోను?”

జగన్నాధం గుమ్మానికున్న రేకు వైపు చూశాడు. “అదీ నిజమే” అన్నాడు. ఆమె రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టి, రేకు తనే ఊడదీసి ఆమె చేతికిచ్చాడు. ఎవరికీ హాని జరగలేదని, ఇక మందు ఇవ్వనని ఒప్పుకున్నాడని, కేసు అక్కర్లేదని అనూరాధ రిపోర్టు రాసింది.

“నొప్పులని వచ్చేవాళ్లని ఇకనుంచి నా దగ్గరికి పంపండి” అని లేచింది.

“ఇంటోళ్లతో సహా పంపుతాను” అన్నాడు జగన్నాధం.

అన్నట్టే పంపాడు. ఆ గురువారం ఆమె ఆస్పత్రికి అందరికన్నా ముందు వచ్చింది మరిడమ్మ. మెడనొప్పి. వెంట కొడుకు శివాజీ, కోడలు తులసి. అనూరాధ పరీక్షించి మందు రాసింది, పులుపు తగ్గించమంది. మరిడమ్మ కుర్చీలోంచి లేవలేదు.

“ఇంకేంటమ్మా?”

“పులుపు నాకు సరే. మావోళ్లకి పత్యం ఏటి?”

అనూరాధ తలెత్తి చూసింది. తులసి నేలచూపులు చూస్తోంది. శివాజీ గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఐదున్నరేళ్ల చదువులో దీనికి జవాబెక్కడా లేదు. ఆమె చీటీ అడుగున పెద్ద అక్షరాలతో రాసి పైకి చదివింది. “అత్తా కోడలూ కలిసి కూర్చుని తినాలి. రెండు పూటలా వడ్డన శివాజీది.”

శివాజీ ఫోన్ జేబులో పెట్టాడు. “నాకేటి నొప్పి నేదు గదా మేడమ్.”

అనూరాధ తన రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర తీసి, ఆ రెండు వాక్యాల కింద గట్టిగా కొట్టి, చీటీ అతని చేతిలో పెట్టింది.